డిండోరి దారిలో గుగ్గిలం

దసరా సెలవులకి మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్ వెళ్లి రెండు రోజులున్నాం. నర్మద పుట్టిన కుండం, కపిలధార జలపాతం, పాత గుళ్లు అన్నీ చూశాం. కానీ ఇంటికొచ్చాక నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తున్నది మాత్రం డిండోరి బస్సు దారిలో ఆగిపోయిన ఆ గంటన్నర.

అసలు ఆ రోజు పొద్దుటి నుంచీ చిరాగ్గానే ఉన్నాను. పెండ్రా రోడ్‌లో రైలు దిగినప్పుడే జీపు వాళ్లు పండగ రద్దీ అని రెట్టింపు గుంజారు. లాడ్జిలో బకెట్టు వేడినీళ్లకి కూడా విడిగా డబ్బులు. ఇప్పుడేమో కబీర్ చబూతరా దాటిన కాసేపటికే బస్సు టైరు పోయింది, స్టెప్నీలో గాలి లేదట. జబల్‌పూర్‌లో రాత్రి రైలు అందుతుందో లేదోనని ఒకటే టెన్షన్.

"ఇలా రండి భాయ్‌సాబ్" అని పక్క సీటాయన నన్ను కిందికి దింపాడు. నలభై దాటిన మనిషి, కరంజియా దగ్గర పల్లె. రోడ్డుకి రెండు వైపులా సాల్ చెట్లే. వాళ్లు సరై అంటారు. ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు చూపించాడు. ఛాతీ ఎత్తున చిన్న చిల్లు, దాన్నుంచి లేత పసుపు రంగు బంక కారి, కింది అంచున గడ్డకట్టి ఉంది. వేలితో తీసి వాసన చూశాను. గుగ్గిలం! చెల్లెలు పుట్టినప్పుడు మా అమ్మమ్మ నిప్పుల మీద వేసి, పాప తల ఆరబెట్టిన పొగ వాసన. కొట్లో పొట్లం కట్టించుకుని తెచ్చుకునేదాన్ని చెట్టు మీద చూడడం అదే మొదటిసారి.

"పురుగు లోపలికి దిగితే చెట్టు దీన్ని వదులుతుంది" అన్నాడాయన. సాల్ బోరర్ అనే ముదురు గోధుమరంగు పెంకుపురుగు వానలు మొదలవగానే బయటికొచ్చి బెరడు మీద గుడ్లు పెడుతుందట. పిల్ల పురుగు బెరడు తొలిచి లోపలికి వెళ్తుంది. బలంగా ఉన్న చెట్టయితే ఆ సొరంగంలోకి బంక పోసి పురుగుని అందులోనే ముంచి చంపేస్తుంది. ఘాటుగా వాసన వచ్చే టెర్పీన్లనే రసాయనాలతో చేసిన జిగురు అది. మనం దేవుడికి వేసే ధూపం ఆ చెట్టుకి ఆయుధం.

"మరి పురుగులు వందల్లో దిగితే?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. 1990ల చివర్లో మండ్లా, డిండోరి అడవుల్లో అదే జరిగింది. అప్పుడాయన ఏడో తరగతి. పోసేందుకు చెట్లలో బంక చాల్లేదు. కొమ్మలు పైనుంచి ఎండుకుంటూ వచ్చాయి, చెట్ల మొదళ్ల దగ్గర పురుగు తొలిచిన రంపపు పొట్టు కుప్పలు పడ్డాయి. అటవీశాఖ వాళ్లు లక్షల చెట్లు కొట్టేశారు. కొన్ని చెట్లని మాత్రం ఎర కోసం ముక్కలు చేసి, బెరడు నలగ్గొట్టి అడవిలో పడేసేవారు. ఆ పచ్చి రసం వాసనకి పురుగులు ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి, తాగి, మత్తుగా కదలలేక పడుండేవి. పిల్లలందరూ వాటిని ఏరి, తలలు తుంచి లెక్క అప్పగిస్తే తలకి ఇన్ని పైసలని ఇచ్చేవారట.

"డబ్బులొస్తున్నాయని సంబరంగా ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి మా ఊరి వెనక నీడ లేదు" అన్నాడు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఒక చెట్టు తనని కాపాడుకోవడానికి కార్చే బంక వాసన నాకు ఇన్నేళ్లుగా తెలుసు. నరికిన అదే చెట్టు రసం పురుగుని పిలుస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఎవరిదో ట్రాక్టరు మీద టైరు వచ్చింది. బస్సు కదిలే ముందు ఆయన ఎండిన బంక చిన్న పలుకు గోటితో గీకి నా చేతిలో పెట్టాడు. టికెట్టులో చుట్టి జేబులో దాచుకున్నాను. రైలు ఎలాగూ తప్పిపోయింది. కరంజియాలో ఆయన దిగిపోయాక, చీకటి పడేదాకా కిటికీలోంచి చెట్ల మొదళ్లే చూస్తూ కూర్చున్నాను, ఎక్కడైనా పొట్టు కనిపిస్తుందేమోనని.