ఐదో నెలలో పక్కన పెట్టిన మందుల అట్ట

ఎడమ మోచేతి కింద రాగిరంగు మచ్చ కనిపించి రెండేళ్లు దాటినా, దురద గానీ నొప్పి గానీ లేనందున నేను దానిని పట్టించుకోలేదు. పాలగిన్నె తగిలి చిటికెన వేలు బొబ్బలెక్కిన సంగతి కూడా నాకు తెలియలేదని గమనించి, నా భార్యే నన్ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లింది. వైద్యుడు కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో ఒంటిని తాకుతూ, తాకిన చోటు చూపించమన్నారు. ఆ మచ్చ మీదా, ఒంటి మీద ఉన్న అలాంటి మిగతా మచ్చల మీదా తాకినప్పుడు ఒక్కటీ చూపించలేకపోయాను. మచ్చలు ఐదుకు మించి ఉండి, మోచేతి నరం ఉబ్బి ఉన్నందున, కుష్ఠువ్యాధికి పన్నెండు నెలల బహుళ ఔషధ చికిత్స అవసరమన్నారు.

నెలకొక అట్ట చొప్పున ఉచితంగా ఇచ్చేవారు. ప్రతి అట్టలో మొదటి రోజు రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు, క్లోఫాజిమిన్ 300, డాప్సోన్ 100 ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. మిగిలిన 27 రోజులూ ఇంట్లో డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50 వేసుకోవాలి. పూర్వం డాప్సోన్ ఒక్కటే ఏళ్ల తరబడి వాడగా సూక్ష్మజీవి దానికి లొంగకుండా పోయిందనీ, అందుకే 1981 నుంచి మందులను కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిందనీ వైద్యుడు వివరించారు. మూత్రం ఎర్రబడుతుందని, చర్మం నల్లబడుతుందని ముందే చెప్పారు గనుక వాటికి భయపడలేదు.

చెప్పనిది మరొకటి ఉంది. ఐదో నెలలో మచ్చలు ఒక్కసారిగా ఎర్రబడి వాచాయి, మోచేతి నరం రాత్రంతా సలిపింది, చివరి రెండు వేళ్లు ముడుచుకుపోసాగాయి, తరగతిలో సుద్దముక్క పట్టు జారింది. మందు పడలేదనే నిశ్చయంతో నాలుగు రోజులు అట్ట ముట్టలేదు. ఆశా కార్యకర్త వచ్చి, "మాస్టారూ, ఇది రియాక్షన్, మందు మానకండి" అంటూ ఆ పూటే ఆస్పత్రికి బయలుదేరదీసింది. ఒంట్లోని సూక్ష్మజీవుల శకలాల మీద శరీరపు రక్షణశక్తి విరుచుకుపడటం వల్ల నరం వాస్తుందని, ఆలస్యమైతే వేళ్లు శాశ్వతంగా వంకరపోతాయని అక్కడ తెలిసింది. వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ అనే మందును రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పన్నెండు వారాల్లో తగ్గిస్తూ వచ్చారు; అసలు మందులు మాత్రం ఆపలేదు. ఈ సంగతి మొదటి అట్టతోపాటే చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు పోయేవి కావని ఇప్పటికీ బాధపడతాను.

పన్నెండు అట్టలూ పూర్తయ్యాయి. ఇంట్లోవారికి ముందుజాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇచ్చారు. ఉంగరపు వేలు చక్కబడింది, చిటికెన వేలు పూర్తిగా చాపలేను. స్పర్శ తిరిగి రాని ఆ వేలిని రోజూ రాత్రి నీళ్లలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, ఎక్కడైనా గాయమైందేమోనని దీపం వెలుగులో చూసుకుంటాను.