ఉప్పలపాడులో ఒక పూట

విజయవాడ శివార్లలో మా కాలనీ వెనక ఒక చెరువుంది. సగం గుర్రపుడెక్క, ఒక మూల ఎవరో తెచ్చి పోసిన పాత ఇళ్ల మట్టి. చూడ్డానికి ఏమంత బాగుండదు. అయినా చలికాలం వచ్చేసరికి నత్తగుల్ల కొంగలూ నీటికాకులూ దిగుతాయి. కిందటేడు దాని మధ్యలోంచి రోడ్డు వస్తోందని తెలిసింది. ఐదుగురం కలిసి అర్జీ రాసి సోమవారం క్యూలో నిలబడ్డాం. ఒక ఆఫీసులో "పక్షుల సంగతి మాది కాదు, అటవీశాఖ వాళ్లనడగండి" అన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్తే "భూమి మాది కాదుగా" అన్నారు. మూడో చోట రసీదు ఇచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.

మా ఐదుగురిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. "ఇంకో అర్జీ రాసేముందు, పక్షులతో కాపురం చేస్తున్న ఊరు ఒకటి చూసొద్దాం పదవయ్యా" అన్నారు. అలా జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఉప్పలపాడు వెళ్దామని నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కాం.

వారధి దాటాక ఆ రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మంగళగిరి కొండ, కాజ టోల్‌గేటు, నాగార్జున యూనివర్సిటీ, మధ్యమధ్యలో వెంచర్ల బోర్డులు. పెదకాకానిలో దిగగానే ఆటో అతను "గుడికా, దర్గాకా?" అనడిగాడు. మల్లేశ్వరస్వామి గుడికీ బాజీబాబా దర్గాకీ వచ్చే జనమే ఎక్కువ మరి. ఉప్పలపాడు కొంగల దగ్గరికి అంటే "ఓహో, పిట్టల చెరువుకా" అని స్టార్ట్ చేశాడు. దారంతా పక్షుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏ పొలం ఎప్పుడు ప్లాట్లయిందో మాత్రం చేత్తో చూపిస్తూ వచ్చాడు. రాజధాని ప్రకటన వచ్చాక ఈ చుట్టుపక్కల భూమి సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

చెరువు కనపడకముందే వాసన వచ్చింది. చేపల మార్కెట్టు మూసేసిన సాయంత్రం వచ్చే కంపు లాంటిది, ఇంకా ఘాటుగా. తర్వాత గోల. ఆ తర్వాతే చెరువు. కొల్లేరులాంటిదేదో ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. ఊరిని ఆనుకుని ఉన్న చిన్న చెరువు, అంతే. కానీ మధ్యలో ఉన్న సర్కారు తుమ్మ చెట్ల మీద ఆకులకంటే పక్షులే ఎక్కువగా కనిపించాయి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, మెడా తలా నల్లగా ఉన్న తెల్ల కంకణాలు. చెట్లు చాలవని అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. వాటి మీద కూడా పుల్లలు పేర్చి గూళ్లు కట్టేశాయి. ఇనుమైనా తుమ్మయినా వాటికేం పట్టింపు ఉన్నట్టు లేదు.

వాచ్‌టవర్ ఎక్కి నేను ఒకే గూడును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గూడబాతు పిల్ల, ఇంకా బూరుతోనే ఉంది, పెద్దదాని ముక్కు కింద సంచిలోకి తల దూర్చింది. తల కాదు, మెడ దాకా లోపలికి పోయింది. బయటికి కనపడేది గుండ్రటి ఒళ్లు, గట్టిగా తన్నుకుంటున్న రెండు కాళ్లు. పెద్దది మాత్రం ఇదేమీ తనకు పట్టనట్టు ఎటో చూస్తూ నిలబడింది. కాసేపటికి పిల్ల తల బయటికి తీసింది. ముఖమంతా తడి. ఊపిరి పీల్చుకుని మళ్లీ దూర్చింది. మాస్టారు బైనాక్యులర్స్ అడుగుతున్నా నేను ఇవ్వలేదు.

ఆ పిల్ల తిన్న చేప ఈ చెరువులోది కాదు. ఇంత చిన్న నీటిలో ఇన్ని కడుపులు నిండవు. గూడబాతులు మేత కోసం కాలువలు, పెద్ద చెరువులు వెతుక్కుంటూ దూరాలు వెళ్లొస్తాయి. కంకణాలకు తడి పొలాలు కావాలి. నత్తగుల్ల కొంగకు నత్తలుండే మడి కావాలి. ఇవి ఇక్కడికి వచ్చేది గూటికి. ఈ చెరువుకి ఎంత గట్టి కంచె వేసినా, ఆటో అతను చూపించిన ఆ పొలాలన్నీ ప్లాట్లయితే ఇనుప స్టాండ్ల మీద వాలేవెవరు? ఇదే మాట మాస్టారుతో అంటే ఆయన వినలేదు. ఆ క్షణానే ఒక కొంగ ఆయన బుష్ షర్టు భుజం మీద సున్నం వేసినట్టు వేసిపోయింది.

దాన్ని కడుక్కోవడానికి నీళ్లడుగుతూ పక్కనున్న ఇంటికి వెళ్లాం. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ చెంబు ఇచ్చి, నవ్వాపుకోకుండానే మాట్లాడింది. "మీకు ఈ ఒక్కపూటే కదయ్యా. మాకు రోజూ ఇంతే. బట్టలారేస్తే మీద పడద్ది. గాలి ఇటు తిరిగిందంటే అన్నం సయించదు. గూళ్లల్లోంచి చేపలు జారి పడి కుళ్లిపోతాయి."

"మరి ఎట్టా భరిస్తున్నారమ్మా?" అన్నారు మాస్టారు.

"పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లని ఎళ్లగొడతామా ఏంది?"

తర్వాత కాస్త గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. "ఊరి పేరు పేపర్లో వచ్చుద్ది. ఫొటోలోళ్లు కార్లల్లో వచ్చి పోతారు. మాకేం కావాలో మాత్రం ఏ ఒక్కడూ అడగడు."

నాకు గుచ్చుకున్నది ఈ రెండో మాట. ఎందుకంటే మా అర్జీలో చెరువు విస్తీర్ణం ఉంది, పక్షుల పేర్ల పట్టిక ఉంది, మా ఐదు సంతకాలున్నాయి. మా చెరువు గట్టు మీద ఇళ్లున్నవాళ్ల సంతకం ఒక్కటీ లేదు. అడగాలని మాకు తోచనే లేదు.

తిరుగు బస్సులో మాస్టారు, నేను వాదించుకుంటూనే వచ్చాం. ఆయనది చట్టం పట్టు. గట్టి ఉత్తర్వు ఒకటి తెచ్చుకుంటే చాలంటారు. చట్టం అక్కర్లేదని నేనూ అనను. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి ఆస్తి అని, కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చిన హించ్‌లాల్ తివారీ కేసు ఇలాంటి అర్జీలకు మంచి ఆధారం. కానీ 2017 చిత్తడి నేలల నియమాలు తిరగేస్తే, తాగునీటి కోసమో సాగునీటి కోసమో మనిషి తవ్వించిన చెరువులు ఆ నిర్వచనంలోకే రావు. మన ఊళ్లలో చెరువంటే తొంభై పాళ్లు అదే కదా! కొంగకు ఆ తేడా తెలియదు.

కొల్లేరు సంగతే తీసుకోండి. 1999లో +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. అక్కడివాళ్ల బతుకుతెరువు సంగతి తేలకుండా ఉత్తర్వొక్కటే ఎంతకాలం కాపలా కాస్తుంది? "మరి చట్టం లేకపోతే అదీ ఉండేది కాదు" అని మాస్టారు. అదీ నిజమే.

గూడబాతుల చరిత్ర చూసినా భయమేస్తుంది. కడప జిల్లా బుచ్చుపల్లెలో 1902లో వాటి గూళ్లు చూశారు. తర్వాత ఆ గుంపు మళ్లీ ఎవరికీ కనపడలేదు. పశ్చిమ గోదావరి ఆరేడులో 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసినప్పుడు దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1974 నాటికి అక్కడ ఒక్క గూడూ లేదు. ఇంత పెద్ద గుంపు ముప్పై ఏళ్లలోపే ఖాళీ అయిపోతుందన్నమాట.

ఆ తర్వాతి ఆదివారం పేర్ల పట్టిక ఇంట్లోనే పెట్టేసి, ఖాళీ కాగితాలతో మా చెరువు గట్టు మీదికి వెళ్లాం. మొదటి ఇంట్లోనే దెబ్బ తగిలింది. ఆ రోడ్డు వాళ్లకు కావాలి. గట్టు దారిలోకి అంబులెన్సు రాదు. కిందటి వానాకాలం ఒక కడుపుతో ఉన్న అమ్మాయిని మంచం మీద మెయిన్‌రోడ్డు దాకా మోసుకెళ్లారట. మేం రోడ్డు వద్దని అర్జీ పెట్టామని వాళ్లకు ఎవరో ముందే చెప్పారు. మా వంక చూసిన చూపు అలాగే ఉంది.

మాస్టారు చెప్పులు విడిచి అరుగు మీద చతికిలబడ్డారు. రోడ్డు ఎటు నుంచి వస్తే మీకు పనికొస్తుందో చెప్పమ్మా అని అడిగారు. ఇంటావిడ లోపలికి వెళ్లి మనవడి పలక తెచ్చింది. చెరువు గుండ్రంగా గీసి, దక్షిణం గట్టు వెంట ఒక వంకర గీత లాగింది. "ఇటేసినా మాకు చాలు. కొంగల మీదుగా ఎయ్యమని మేమేమన్నా అడిగామా? కానీ రోడ్డు వద్దని మాత్రం రాయమాకండి. రోడ్డు కావాలని ముందు రాసి, ఆ తర్వాత రాసుకోండి మీ కొంగల సంగతి."

మాస్టారు ఆ పలకను ఫోన్లో ఫొటో తీసుకుని, కొత్త కాగితం మీద మొదటి లైను ఆవిడ చెప్పినట్టే రాశారు.