శ్రీరంగపట్నంలో మా కడప

బెంగళూరులో ఉండే మనోళ్ళకి మైసూరు ట్రిప్ అంటే ప్యాలెస్, జూ, చాముండి కొండ, సాయంత్రం బృందావన్ గార్డెన్స్. దారిలో శ్రీరంగపట్నం వస్తే రంగనాథుడికి ఒక దండం పెట్టి అరగంటలో కారెక్కేస్తారు. 2023లో ఎక్స్‌ప్రెస్‌వే ఓపెన్ అయ్యాక చాలామందికి ఆ అరగంట కూడా లేదు, బైపాస్ మీద సర్రున పోవడమే, పాత రోడ్డు మీద ఆగి తినే మద్దూరు వడ కూడా అట్లనే పోయింది, అది వేరే బాధ. మొన్న మా నాయన ప్రొద్దుటూరు నుంచి వచ్చినప్పుడు మాత్రం రోజంతా అక్కడే ఉన్నాం, ఆయన రిటైరైన సోషల్ సారు కాబట్టి మాకు వేరే దారి లేదు.

ఊరు నిజానికి ఒక దీవి. కావేరి రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టుకుని కింద సంగమం దగ్గర మళ్ళీ కలుస్తుంది, అంటే కోటకి కందకం పని సగం నదే చేసేది. ఆ ధీమా ఎండాకాలంలో పనికిరాదు. 1799 మే 4న, మైసూరునేలే టిప్పు సుల్తాన్ మీదికి ఇంగ్లీషోళ్ళు నది దాటింది అట్లనే, నీళ్ళు తక్కువ, ఇంకొన్నాళ్ళు ఆగితే వానలొచ్చి నది పొంగుతుంది, పైగా వాళ్ళ దగ్గర తిండిగింజలు అయిపోతున్నాయి, అందుకే ఫిరంగులతో గోడకి గండి కొట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో మీదపడ్డారు. ముందు నడిచిన ఇంగ్లీషు సేనాని బెయిర్డ్ అంతకుముందు ఇదే ఊళ్ళో ఏళ్ళ తరబడి ఖైదీగా ఉన్నోడు. సాయంత్రానికి టిప్పు లేడు. ఆయన శవం దొరికిన చోట ఒక చిన్న రాయి ఉంటుంది, చూసుకోకపోతే దాటిపోతాం.

అక్కడ మా నాయన క్లాసు మొదలుపెట్టినాడు. "ఒరే, మన కడప చేతులు మారింది ఈ ఊరి యుద్ధాల్లోనేరా" అన్నాడు. నేను స్కూల్లో చదివే ఉంటాను గానీ ఎక్కలేదు. 1792లో ఇక్కడే జరిగిన సంధిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు, 3 కోట్ల 30 లక్షలు కడతానన్నాడు, ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టినాడు. ఇంగ్లీషోళ్ళ పక్కన నిలబడిన నిజాంకి దక్కిన వాటాలో మన కడప ఉంది. 1799 తర్వాత ఇంకొంత సీమ దక్కింది. ఏం లాభం, ఒక్క ఏడాది తిరిగేసరికి, 1800లో, తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద మొత్తం వాళ్ళకే రాసిచ్చేశాడు. అదే దత్తమండలం. మన తాతల భూముల లెక్కలు రాయించిన కలెక్టర్ మన్రో కూడా 1799లో ఈ ఊళ్ళో మైసూరు పంపకాల పనిలో ఉన్నోడే.

టిప్పు వేసవి విడిది దరియా దౌలత్ గోడల మీద 1780 పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంది, అందులో ఇంగ్లీషోళ్ళు ఓడిపోతున్నారు, పల్లకీలో వాళ్ళ సేనాని కర్నల్ బెయిలీ. నాకు మైసూరు ప్యాలెస్ కంటే ఈ టేకు భవనమే నచ్చింది, ఎవరి యుద్ధాన్ని వాళ్ళు ఎట్ల గీయించుకుంటారో ఒక గోడ చూస్తే తెలిసిపోతుంది. ఇంకో విడ్డూరం, టిప్పు మందుగుండు గది రైలు డబుల్ లైనుకి అడ్డమొస్తే పడగొట్టకుండా 2017లో బిల్డింగు బిల్డింగునే లేపి పక్కకి జరిపారు. టిప్పు సమాధి ఉన్న గుంబజ్, మసీదు కూడా చూశాం గానీ అప్పటికి పిల్లలు ఎండకి వాడిపోయారు.

సంగమం దగ్గర పుట్టి ఎక్కాక గానీ వాళ్ళ మొహాలు వెలగలేదు. నది మధ్యలో పుట్టిని గిర్రున తిప్పుతారు, మా ఆవిడ కళ్ళు మూసుకుంది, నాయన మాత్రం "ఇంకోసారి తిప్పప్పా" అంటున్నాడు, పుట్టి నడిపే ఆయనకి తెలుగు రాకపోయినా అర్థమైపోయింది. ఒడ్డున దిగి స్నానాలు చేసేవాళ్ళు ఉంటారు, రాళ్ళ మధ్య ప్రవాహాన్ని మాత్రం నమ్మొద్దు.

పక్షుల కేంద్రం రంగనతిట్టు అక్కడికి దగ్గరే. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ చెప్తే 1940లో మైసూరు రాజ్యం దాన్ని పక్షుల కోసం కేటాయించింది. రాళ్ళ మీద మొసళ్ళు ఎండ కాచుకుంటుంటాయి, పక్కనే చెట్ల నిండా కొంగలు. కొంగల గూళ్ళు, పిల్లలు చూడాలంటే ఫిబ్రవరి, మార్చిలో పోండి. వానాకాలంలో అయితే పైనున్న కేఆర్‌ఎస్ డ్యాం గేట్లు ఎత్తారేమో కనుక్కుని బయల్దేరండి, నీళ్ళు ఎక్కువ వదిలితే అక్కడ బోట్లు ఆపేస్తారు.