పైన్ చెట్ల పాట ఎవరిది?

నా దగ్గర గిటార్ నేర్చుకునే ఇంటర్ పిల్లల్లో ఎవరో ఒకరు అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణా పాట అడుగుతూనే ఉంటారు. 1993 నవంబర్‌లో న్యూయార్క్‌లో, ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కచేరీ చివర ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ పాడిన 'వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్'. కార్డ్స్ నాలుగే: ఈ, ఏ, జీ, బీ. నడక మూడేసి మాత్రలు. చేతికి త్వరగానే వస్తుంది, కష్టమంతా గొంతుకే. చివర్లో కర్ట్ ఒక్కసారిగా పై స్థాయికి వెళ్లి అరుస్తాడు. ఆఖరి మాటల దగ్గర ఆగి, కళ్లు తెరిచి ఊపిరి తీసుకుంటాడు. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పాట నిర్వాణాది కాదని, లెడ్ బెల్లీదని పిల్లలే చెబుతారు. కర్ట్ కూడా ఆయన పేరు చెప్పే పాడాడు. లెడ్ బెల్లీ లూసియానాకు చెందిన నల్లజాతి గాయకుడు, పన్నెండు తీగల గిటార్ వాయించేవాడు. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ జానపద పాటలు సేకరిస్తూ లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్తే అక్కడ ఖైదీగా కనిపించాడు. ఈ పాటను 1944లో రికార్డు చేశాడు. కానీ అప్పటికే అది చాలా ఊళ్లు తిరిగింది. 1917లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన జానపద పాటల సేకర్త సెసిల్ షార్ప్ అమెరికాలోని కెంటకీలో నాలుగు పాదాలు విని రాసుకున్నాడు. 1926లో డాక్ వాల్ష్ అనే తెల్లజాతి బాంజో కళాకారుడు రికార్డు ఇచ్చాడు. 1970లో జుడిత్ మెకల్లో తన పరిశోధనలో 160 పాఠాలు, అంటే ఈ ఒక్క పాటకే వేర్వేరు రూపాలు, పోగుచేసింది.

వాటిలో మళ్లీ మళ్లీ కనిపించేవి మూడు: ఎండ సోకని పైన్ చెట్ల అడవి, ఎంతకీ తరగని పొడవైన రైలు, చక్రంలో దొరికిన తల. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకున్నారు. లెడ్ బెల్లీ రాత్రి ఎక్కడ పడుకున్నావని అమ్మాయిని నిలదీస్తాడు, తర్వాత ఆమె భర్త చావు చెబుతాడు. తల దొరికింది, మొండెం దొరకలేదు. 1941లో బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతానికి పేరుపడ్డ బిల్ మన్రో పాడినదాంట్లో ఆ చావే లేదు. రైలు ఉంది, ఇల్లు వదిలి పోతున్న మనిషి దిగులు ఉంది, ఫిడేలు ఉంది. బాధ ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి మారిపోయింది. నాకు రెండూ కావాలి.

అయితే నన్ను వదలనిది రైలు చరణం. కొన్ని పాఠాల్లో ఆ రైలు జో బ్రౌన్ బొగ్గుగనిది. ఇంజను ఆరింటికి దాటితే చివరి పెట్టె తొమ్మిదింటికి దాటుతుంది. జోసెఫ్ బ్రౌన్ అమెరికా అంతర్యుద్ధ కాలంలో జార్జియా గవర్నరు. యుద్ధం తర్వాత ఆయన గనుల్లో ప్రభుత్వం కిరాయికిచ్చిన ఖైదీలు పనిచేశారు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు. చట్టంలో బానిసత్వం పోయింది, వాళ్ల ఒంటిమీంచి పోలేదు. ఇంకో చరణంలో టైమెంతని కెప్టెన్‌ని అడిగితే, గడియారం పారేశానంటాడు. కెప్టెన్ అంటే పనిలో వాళ్లమీద ఉండే కాపలా అధికారి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే, పని ఎప్పుడు ఆగుతుందో తెలియనివాడు రైలు పెట్టెలు చూసి పొద్దు లెక్కగట్టుకుంటున్నట్టు నాకు వినిపిస్తుంది.

లెడ్ బెల్లీ, కర్ట్ పాడిన పాఠాల్లో జో బ్రౌన్ పేరు లేదు. అందుకు వాళ్లను తప్పుపట్టను. జానపదం అలాగే బతుకుతుంది, ఒకటి జారుతుంది, ఒకటి చేరుతుంది. కానీ యూట్యూబ్‌లో 'ఒరిజినల్' అని పెట్టి ఒకే ఒక్క రికార్డింగ్ చూపిస్తే మాత్రం మనసు ఒప్పుకోదు. ఆ గనుల్లో కూలిన మనుషులు కూడా ఈ పాటకు హక్కుదారులే.

అందుకే ఇప్పుడు మా క్లాసులో రైలు చరణం కూడా పాడిస్తున్నాను. అవే కార్డ్స్ సరిపోతాయి. అరవాల్సిన పని లేదు, నెమ్మదిగా పాడితే చాలు.