బంతి చప్పుడు, పెనం చప్పుడు

మావాడికి పద్నాలుగేళ్ళు. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి రెటీనా మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు. ముందు రాత్రి చూపు తగ్గింది, ఆ తర్వాత పక్కచూపు. ఇప్పుడు ఎదురుగా కొద్ది మేర కనిపిస్తుంది, అదీ మంచి వెలుతురుంటేనే. స్కూల్లో ఆటల పీరియడ్ అంటే వాడికి స్కోరు రాసే పని. రెండేళ్ళు రాశాక ఒకరోజు ఆ పుస్తకం మాస్టారి చేతిలో పెట్టేసి "ఇక రాయను సార్" అన్నాడట. ఆ తర్వాత నెలకి గోల్‌బాల్ మొదలైంది. చూపు లేనివాళ్ళు మోగే బంతిని చెవితో వింటూ ఆడే ఆట అది. గోల్‌బాల్ మొదలైన రోజునే వంట కూడా మొదలైంది, అనుకోకుండా. రెండిటికీ కలిపి ఒకే డైరీ పెట్టాను. అందులోంచి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

1వ వారం

బంతి చేతికిస్తే ఆశ్చర్యపోయాను. చూడ్డానికి బాస్కెట్‌బాల్ అంత ఉంది కానీ బరువు 1.25 కిలోలు. లోపల గజ్జెలు, పైన 8 రంధ్రాలు. ఎగరదు, దొర్లుతుంది, దొర్లుతున్నంతసేపూ మోగుతుంది. టీముకి ముగ్గురు: మధ్యలో సెంటర్, రెండు పక్కలా వింగ్‌లు. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. గోల్ కూడా ఆ 9 మీటర్ల వెడల్పూ ఉంటుంది, ఎత్తు 1.3 మీటర్లు. గీతల కింద తాడు పెట్టి పైన టేపు అంటిస్తారు కాబట్టి ఎక్కడున్నామో కాలితోనో చేత్తోనో తడుముకుని తెలుసుకోవచ్చు. బొత్తిగా కనిపించనివాళ్ళూ కొంచెం కనిపించేవాళ్ళూ అందరూ కళ్ళకు ఐషేడ్లు, అంటే ఏమీ కనిపించనివ్వని గంతలు, కట్టుకోవాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో ఒక ఆస్ట్రియన్, ఒక జర్మన్ కలిసి తయారుచేసిన ఆట ఇది. 1976 టొరంటో పారాలింపిక్స్ నుంచి పతకాల ఆట.

మావాడు ఐషేడ్ కట్టుకుని కోర్టులో కూర్చున్నాడు. బంతి వాడి ఎడమ పక్కకి వస్తోంది. నేను గట్టిగా "ఎడమకి! ఎడమకి!" అని అరిచాను. విజిల్ పడింది. రెఫరీ నా వైపు తిరిగి "క్వైట్ ప్లీజ్" అన్నారు. హాలు మొత్తం నిశ్శబ్దం, నా మొహం ఎర్రబడింది. ఈ ఆటలో చూసేవాళ్ళు చప్పట్లు కూడా గోల్ పడ్డాకే కొట్టాలి. బెంచీ మీంచి కోచ్, అనుమతి లేని సమయంలో, సలహా చెప్పినా టీముకి పెనాల్టీ పడుతుందట.

ఇంటికి రాగానే ఆకలి అన్నాడు. వాళ్ళమ్మకి సాయంత్రం షిఫ్టు. గుడ్డు నేనే ఉడకబెట్టుకుంటా అన్నాడు. సరే అన్నాను కానీ పక్కనే నించున్నాను. పది నిమిషాలయ్యాక "నాన్నా, 31 సార్లు జాగ్రత్త అన్నావు, లెక్కపెట్టాను. కోర్టులో అయితే ఈపాటికి మనకి 31 పెనాల్టీలు" అన్నాడు.

2, 3 వారాలు

వంటగదిలో సర్దుబాట్లు. ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు ఉత్సాహం. చేతికి తగిలే ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు తెచ్చి స్టవ్ మీదా మైక్రోవేవ్ మీదా కలిపి పదకొండు అంటించాను. ఎక్కడ తడిమినా చుక్కే, ఏది ఏదో తెలియదు. వాడు కూర్చుని తొమ్మిది గీకేశాడు. మిగిలినవి రెండు: స్టవ్ నాబ్ సిమ్‌లో ఉండే చోట ఒకటి, మైక్రోవేవ్ స్టార్ట్ బటన్ మీద ఒకటి. నాబ్ ఆఫ్ అయితే దాని పిడి నిలువుగా ఉంటుంది కాబట్టి దానికి చుక్క అక్కర్లేదన్నాడు. నిజమే.

కోర్టు గీతల ఆలోచన కూడా వాడిదే. గట్టు మీద కోసే చోటికీ స్టవ్‌కీ మధ్య ఒక పురికొస పరిచి పైన టేపు వేయించుకున్నాడు. చెయ్యి జరుపుతుంటే వేళ్ళకి ఆ గట్టిదనం తగులుతుంది. అటువైపు వేడి, ఇటువైపు కత్తి. తుడిస్తే టేపు వారం కంటే ఎక్కువ నిలవదు. ప్రతి ఆదివారం మారుస్తున్నాం.

మిగతావి గబగబా. గిన్నె స్టవ్ మీద మధ్యలో కుదిరిందో లేదో చూసుకున్నాకే మంట వెలిగించాలి, ముందు కాదు. పెనం పిడి గడియారంలో మూడు గంటల వైపు, గట్టు అంచు దాటి బయటికి రాకూడదు. కత్తి ఎప్పుడూ పళ్ళెంలో కుడివైపు, పదును అవతలికి. కోసే పలక కింద తడిగుడ్డ వేస్తే జారదు. ఉల్లిపాయైనా బంగాళాదుంపైనా ముందు సగానికి కోసి, చదునైన వైపు కిందికి బోర్లిస్తే దొర్లదు. వేళ్ళ కొసలు లోపలికి మడిచి, కణుపులు కత్తికి ఆనించి కోయాలి. వాడికి ఉన్న కాస్త చూపుకీ రంగు తేడా బాగా సాయం చేస్తోంది: ఉల్లిపాయకి నల్ల పలక, టమాటాకి తెల్ల పలక.

ఒకరోజు స్టవ్ ఆపేసి నేను కూడా ఐషేడ్ కట్టుకుని చూశాను. గ్లాసులో నీళ్ళు పోయబోయి సగం గట్టు మీద పోశాను. వాడు పడీ పడీ నవ్వాడు. "విను నాన్నా, గ్లాసు నిండేకొద్దీ చప్పుడు శ్రుతి పైకి పోతుంది" అన్నాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళు పోసుకుంటున్నాను, ఎప్పుడూ వినలేదు. చల్లటివైతే అంచు లోపల వేలు పెట్టి చూసుకుంటాడు. వేడి నీళ్ళకి వేలు పెట్టకూడదు. కప్పు అంచుకి తగిలించే చిన్న పరికరం ఒకటి కొన్నాం, నీళ్ళు దాన్ని తాకగానే కూస్తుంది.

4వ వారం

డబ్బాలకి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఉప్పుకి ఒకటి, పంచదారకి రెండు. పంచదార డబ్బా బ్యాండు ఒకటి ఎండిపోయి తెగిపోయింది. ఆమ్లెట్ తీపి. ఇద్దరం మొత్తం తిన్నాం, పంతానికి. మర్నాడు పంచదారని పలకల సీసాలోకి మార్చాం.

5వ వారం

వాడి చెయ్యి కాలింది. తప్పు నాది.

ఆమ్లెట్ వేస్తుంటే మధ్యలో గట్టు తుడిచాను. తుడుస్తూ అట్లకాడ తీసి ఎడమవైపు పెట్టాను, చెప్పలేదు. వాడు అలవాటుగా కుడివైపు చెయ్యి చాచాడు. అట్లకాడ తగల్లేదు. ఇంకొంచెం ముందుకి వెతికాడు, పెనం అంచు తగిలింది. రెండు వేళ్ళ మీద బొబ్బ. 20 నిమిషాలు కుళాయి కింద పెట్టాం. ఐస్ పెట్టలేదు, టూత్‌పేస్ట్ రాయలేదు. ఆ ఇరవై నిమిషాలూ వాడు ఒక్కమాట మాట్లాడలేదు. ఆఖర్న "సెంటర్ చోటు మారితే వింగ్‌కి చెప్తాడు నాన్నా" అన్నాడు. అంతే.

అప్పటినుంచి రూలు ఒకటే: ఏ వస్తువు కదిపినా నోటితో చెప్పాలి, ఎటు పెట్టానో కూడా చెప్పాలి. అంటే నేను మాట్లాడకూడని చోట మాట్లాడుతున్నాను, మాట్లాడాల్సిన చోట నోరు మూసుకుంటున్నాను.

6 నుంచి 8

డిఫెన్స్ ప్రాక్టీసు. ఒత్తిగిలి పడుకుని చేతులు తలపైకి, కాళ్ళు అటు చాచి, ఒళ్ళంతా గోడలా పరచాలి. మోకాళ్ళకి, మోచేతులకి, తుంటికి ప్యాడ్లు వేసుకోవడం మంచిది. పెరిగే వయసు కదా అని ఒక సైజు పెద్దవి తీసుకున్నాను, వద్దు, పడ్డ ప్రతిసారీ జారిపోతాయి. ఆటకి రెండు గంటల ముందే తినిపించండి. నిండు పొట్ట మీద కిలోంబావు బంతి తగిలితే ఏమవుతుందో మేం చూశాం. ఐషేడ్ జారినా రెఫరీని అడక్కుండా ముట్టుకుంటే పెనాల్టీ, అందుకే ముందే బిగుతు సరిచూసుకోవాలి.

వంటలో చెవి పదును పెరిగింది. నీళ్ళు కాగేటప్పుడు మొదట బుసబుసమని పెద్ద చప్పుడు, పూర్తిగా మరగడం మొదలయ్యాక ఆ చప్పుడు తగ్గి మెత్తటి గలగలలోకి దిగుతుంది. ఉల్లిపాయ ముక్కలు మొదట చిటపటమంటాయి, నీరు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదిస్తుంది, అప్పుడు తీపి వాసన వస్తుంది. మూత తీయకుండానే "ఇంకో రెండు నిమిషాలు" అంటాడు. ఉడికిన దుంపలు వార్చడం మాత్రం టెన్షన్. గిన్నెలో జాలీ బుట్ట పెట్టి అందులో ఉడికించి, స్టవ్ ఆపి, బుట్టని పైకెత్తేస్తే వార్చే పనే లేదు.

ఒకరోజు హాల్లోంచి వింటే వంటింట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. 'బీ మై ఐస్' అని 2015లో మొదలైన యాప్ ఉంది, వీడియో కాల్‌లో వాలంటీర్లు చూసి చెప్తారు. గుడ్ల పెట్టె మీద తేదీ చదివించుకుంటున్నాడు. పక్క గదిలో నేనుండగా ముక్కూమొహం తెలియని మనిషిని అడిగాడు. కొంచెం చివుక్కుమంది, దాచుకోను. "నువ్వైతే తేదీ చెప్పి ఊరుకోవు కదా" అన్నాడు.

11వ వారం

మొదటి మ్యాచ్‌లు. మొదటిది 0-10. పది గోల్స్ తేడా వస్తే ఆట అక్కడితో ఆపేస్తారు, మాది మొదటి సగం కూడా పూర్తికాలేదు. కారులో ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు రెండోది, 4-7 ఓటమి. అందులో ఒకటి మాత్రం రాసుకోవాలి. విసిరిన బంతి తన వైపు మొదటి 6 మీటర్లలోపే నేలని తాకాలి. మావాడు ఊపు మీద విసిరాడు, దాటి పడింది. హైబాల్. పెనాల్టీ. తప్పు చేసినవాడే ఒంటరిగా 9 మీటర్ల గోల్ కాయాలి. మిగతా ఇద్దరూ బయటికెళ్ళారు. మావాడు వెనక్కి పాకి గోల్ బార్ తడుముకున్నాడు, అక్కణ్ణించి కొలుచుకుంటూ మధ్యకి వచ్చి ఒంగున్నాడు. హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అవతలి పిల్లాడు బంతి వదిలాడు. నాకు కనిపిస్తోంది, కుడివైపుకి వస్తోంది. నేను పళ్ళు కరిచిపట్టి కూర్చున్నాను. వాడు ఒక్క క్షణం ఆగాడు, ఇంకా ఆగాడు, ఆలస్యమైపోయింది అనుకున్నాను. అప్పుడు పడ్డాడు. బంతి కాలి వేళ్ళకి తగిలి పక్కకి పోయింది. "అవుట్" అన్నాక గానీ నాకు ఊపిరి అందలేదు. ఇంటికొచ్చాక ఎందుకు ఆగావురా అంటే "సగం దూరం వచ్చేదాకా మధ్యకే వస్తున్నట్టు వినిపించింది" అన్నాడు.

14వ వారం

టీములో మిగతా ఇద్దరినీ ఇంటికి పిలిచాడు. టమాటా సూప్, ఉడికించిన దుంపలూ గుడ్లూ కలిపిన సలాడ్. నాకు వంటింట్లోకి ప్రవేశం లేదు. హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాను, ఒక్క ముక్క చదవలేదు. కత్తి పలక మీద తగిలే చప్పుడు, నవ్వులు, ఏదో కిందపడిన చప్పుడు, మళ్ళీ నవ్వులు. లేవబోయి కూర్చున్నాను. "గరిటె నీ కుడివైపు, రెండు గంటల దగ్గర పెట్టా" అని ఎవరో చెప్పారు.

నాకో గిన్నె తెచ్చి చేతిలో పెట్టాడు. సూప్‌లో ఉప్పు తక్కువైంది, అడిగాకే చెప్పాను.

వచ్చే వారానికి: సరైన సైజు మోచేతి ప్యాడ్లు కొనాలి. గట్టు మీద టేపు మార్చాలి. ఓవెన్ వాడతానంటున్నాడు, మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్ కోసం చూస్తున్నాం.