టైరులో గాలి నిలిచాకే మిగతా సరంజామా

సైకిల్ కొన్న మొదటి నెలలో చాలామంది కొనేవి ఇవీ: ఫోన్ హోల్డరు, బ్లూటూత్ స్పీకరు, రంగురంగుల లైటు, గ్లౌజులు. పంపు ఊసే ఉండదు. "సందు చివర పంచర్ షాపు ఉందిగా" అంటారు. ఉంది, కాదనను. పొద్దున్న ఆరింటికి మాత్రం తెరిచి ఉండదు. పైగా ఇప్పుడు చాలా షాపులు బైకులకీ కార్లకీ ట్యూబ్‌లెస్ పంచర్లు వేసేవే. సన్న వాల్వున్న సైకిల్ తీసుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మా దగ్గర పట్టదండీ" అనేస్తారు. రోజూ ఆఫీసుకో కాలేజీకో తొక్కేవాళ్లు ముందు ఏది కొనాలి, కొన్నది ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే ఈ పోస్టు. ఇందులో ముప్పాతిక భాగం గాలి గురించే.

పంపు కొనేముందు మీ సైకిల్ వాల్వు చూసుకోండి. వెనకటి నల్ల సైకిళ్లకి ఉండేది డన్లప్ వాల్వు. లోపలి పిన్ను మీద సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, దాన్నే వాల్ ట్యూబ్ అంటాం. ఎండకి ఆ రబ్బరు బిరుసెక్కి పగులుతుంది, గాలి మెల్లగా దిగిపోతుంది. ట్యూబు ఎక్కడా చిరగకపోయినా పంచరేమో అనుకుంటాం. పంచర్ షాపాయన ముందు వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూసేది ఇందుకే. బైకులకుండే లావు వాల్వు ష్రేడర్. గేరు సైకిళ్లలో ఎక్కువ కనిపించేది ఇదే. సన్నగా, కొసన బుల్లి నట్టుతో ఉండేది ప్రెస్టా. దీనికి గాలి కొట్టేముందు ఆ నట్టు వదులు చేసి, వేలితో ఒకసారి నొక్కి 'టుస్సు'మనిపించాలి. అలా చేయకపోతే లోపలి సీలు అతుక్కుపోయి ఉంటుంది, పంపు దిగదు. మంచి పంపుని పాడైందని వెనక్కి పంపేవాళ్లలో సగం మంది కథ ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

ప్రెస్టాకి రిమ్ములో రంధ్రం సుమారు 6 మి.మీ., ష్రేడర్‌కి 8 మి.మీ. అంటే ప్రెస్టా రిమ్ములో ష్రేడర్ ట్యూబు దూరదు. ప్రెస్టా వాల్వు కొసకి బిగించే ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది, వేలి గోరంత ఉంటుంది. రెండు కొని ఒకటి సీటు కింద సంచిలో పడేయండి. అది ఉంటే పెట్రోలు బంకులోనూ గాలి పట్టించుకోవచ్చు.

బంకు దగ్గర జాగ్రత్త. 700×35 టైరు (35 మి.మీ. వెడల్పుది) లోపల పట్టే చోటు లెక్కేస్తే సుమారు 2 లీటర్లే. కారు టైరుతో పోలిస్తే గుక్కెడు. కారు కోసం పెట్టిన కంప్రెసరు ఆ 2 లీటర్లనీ కళ్లు మూసి తెరిచేలోగా నింపేస్తుంది, ఆ పైన 'ఢాం'. మీట ఒక్కొక్క క్షణం మాత్రమే నొక్కి, వదిలి, కొలిచి మళ్లీ నొక్కాలి. కుర్రాడి చేతికి గొట్టం ఇచ్చి మీరు ఫోను చూసుకోకండి.

ఇదే లెక్కతో పంపులనీ బేరీజు వేయొచ్చు. 2 లీటర్ల ట్యూబులో గాలి ఒత్తిడి 55 పీఎస్‌ఐ రావాలంటే బయటి గాలి ఏడున్నర లీటర్లు లోపలికి తొయ్యాలి. జేబులో పట్టే చేతి పంపు ఒక్క తోపుకి 50 మి.లీ. తోస్తుందనుకుంటే, చుక్క వృథా కాకపోయినా 150 తోపులు. నిజానికి ఇంకా ఎక్కువే పడతాయి, చివరి ముప్పైకి చేతులు పడిపోతాయి. నిలబడి రెండు చేతులతో కొట్టే ఫ్లోర్ పంపుకి పాతిక, ముప్పై చాలు. కాబట్టి ఇంట్లో ఫ్లోర్ పంపు, సంచిలో చేతి పంపు. ఒక్కటే కొనగలిగితే ఫ్లోర్ పంపే కొనండి. వారం వారం సరిగ్గా గాలి కొట్టే సైకిల్‌కి దారిలో పంచర్లు పడటం బాగా తగ్గుతుంది.

ఫ్లోర్ పంపు కొనేటప్పుడు గేజీ ఎంతవరకు ఉందో కాదు, మీకు కావలసిన అంకె దగ్గర చదవడానికి వీలుగా ఉందో లేదో చూడండి. 160 పీఎస్‌ఐ దాకా గీసిన చిన్న డయలు మీద 40కీ 45కీ తేడా వెంట్రుకవాసి. వాల్వుకి తగిలించే తల రెండు రకాల వాల్వులకీ పట్టాలి. అందులోని రబ్బరు వాషరు విడిగా దొరుకుతుందేమో ముందే అడగండి, ఎందుకంటే పంపులో మొదట పాడయ్యేది ఆ వాషరే. గొట్టం బాగా పొట్టిగా ఉంటే పంపు వాల్వుని పక్కకి లాగుతుంది. వాల్వు మొదట్లో ట్యూబు చిరిగిందంటే చాలాసార్లు కారణం ఆ లాగుడే. అక్కడ చిరిగితే ప్యాచీ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ఈమధ్య అరచేతిలో పట్టే బ్యాటరీ పంపులు జోరుగా అమ్ముడవుతున్నాయి. వాటిలో నిజంగా పనికొచ్చేది, పెట్టిన అంకె రాగానే దానంతటదే ఆగిపోవడం. కానీ డబ్బా మీద 120, 150 పీఎస్‌ఐ అని ఉన్నా పైకి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తాయి, మిక్సీలా అరుస్తాయి. వరసగా రెండు టైర్లు నింపేసరికి మూతి చుర్రుమంటుంది. అందుకే నేరుగా వాల్వుకి తగిలించకుండా, పొట్టి గొట్టం ఇచ్చినవే తీసుకోండి. ఎండలో నిలబెట్టిన సైకిల్ సంచిలో లిథియం బ్యాటరీ వదిలేయకూడదు. నెలల తరబడి వాడకపోయినా ఛార్జింగ్ దిగిపోయి, అవసరానికి మూగబోతుంది. చేతి పంపుకి ఆ బెడద లేదు.

ఎంత గాలి కొట్టాలి? టైరు పక్కన "50–85" అనో మరొకటో అచ్చు వేసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే ఉండాలి. 70 కిలోల మనిషికి 35 మి.మీ. టైరులో ముందు 55, వెనక 60 దగ్గర మొదలుపెట్టి, గతుకుల్ని బట్టి అటూ ఇటూ సర్దుకోవచ్చు. లావు మౌంటెన్ టైర్లకి 35–45 చాలు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి దానికెప్పుడూ కాస్త ఎక్కువ. వేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనుకోవడం మాత్రం మానేయండి, మందం టైరు 30 దగ్గరే రాయిలా తగులుతుంది.

"ఎండకి ట్యూబు పేలింది" అన్నమాట ఏటా వేసవిలో వినిపిస్తుంది. లెక్క చూద్దాం. 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ పట్టించిన టైరు ఎండలో 60 డిగ్రీలకి వేడెక్కినా ఒత్తిడి 69కి అటూ ఇటూగా చేరుతుంది, అంతే. 85 దాకా తట్టుకునే టైరు దానికే పేలదు. పేలిందంటే టైరు పక్కలు పగిలి ఉండాలి, లేదా బిగించేటప్పుడు ట్యూబు టైరు అంచు కింద నలిగి ఉండాలి. సొల్యూషన్ అక్కర్లేని స్టిక్కరు ప్యాచీలు మాత్రం నిజంగానే ఎండకి లేచిపోతాయి. అవి ఇంటికి చేరడానికే.

ఇక ముళ్లు. మన దగ్గర మట్టి రోడ్ల పక్కన పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ఉన్నంతకాలం పంచర్లు తప్పవు. పల్లేరు ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. తుమ్మ ముల్లు ఇంకా కొంటెది. టైరులో దిగి విరిగి, బయటికి కనిపించకుండా కూర్చుంటుంది. ట్యూబుకి ప్యాచీ వేసి బిగించిన మర్నాడే మళ్లీ గాలి పోతే, అది లోపలే ఉందన్నమాట.

అందుకే పంచర్ వేయడంలో ప్యాచీ కన్నా వెతుకులాట ముఖ్యం. టైరు ఎక్కించేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు పక్కన వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు ట్యూబులో రంధ్రం వాల్వుకి ఎన్ని జానల దూరంలో ఉందో కొలిస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. ట్యూబు తిరగబడి ఉండొచ్చు కాబట్టి వాల్వుకి రెండు వైపులా చూడాలి. లోపల వేలితో తడమకండి, చిన్న దూది ఉండతో తుడవండి. ముల్లు కొస ఉంటే దూది పోగు చిక్కుకుంటుంది. పట్టకారు లేకపోతే గోళ్ల కత్తెరతో లాగేయొచ్చు.

టైరు విప్పడానికి స్పూన్లు, స్క్రూడ్రైవర్లు వద్దు, రెండు ప్లాస్టిక్ లీవర్లు చాలు. గాలంతా తీసేసి, టైరు అంచుని చుట్టూ రిమ్ము నడిమి లోతులోకి నొక్కుకుంటూ వస్తే మరోవైపు వదులవుతుంది. ఈ ఒక్క పని చేయక లీవర్లు విరగ్గొట్టుకుంటారు. రంధ్రం చుట్టూ ప్యాచీ కన్నా కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, ఐదు నిమిషాలు ఆగండి. తడి మెరుపు పోవాలి. తడిగా ఉండగానే అతికిస్తే అంచులు లేస్తాయి. ప్యాచీ పెట్టాక నడిమి నుంచి అంచులకి గట్టిగా నొక్కి, పైన కాస్త టాల్కం పౌడరు చల్లండి. ట్యూబు టైరుకి అంటుకోదు. ఎక్కించేటప్పుడు ట్యూబు గుండ్రంగా నిలిచేంత గాలి ముందే కొట్టి, టైరు అంచు లోపలికి తొయ్యడం వాల్వు దగ్గర ముగించండి. ఒకసారి వాల్వుని పైకి తోసి, నలిగిన ట్యూబు ఉంటే వదిలించి, 20 దాకా కొట్టి చక్రం తిప్పి చూడండి. రిమ్ము వెంట ఉండే సన్న గీత అంతటా సమానంగా కనిపిస్తే మిగతా గాలి కొట్టేయొచ్చు.

రంధ్రం ఆకారమే సగం సంగతి చెప్పేస్తుంది. పక్కపక్కనే పాముకాటులా రెండు గాట్లుంటే తక్కువ గాలితో గుంతలో దిగారన్నమాట. రిమ్ము వైపు రంధ్రం పడితే చువ్వల మీది రిమ్ టేపు పక్కకి జరిగిందన్నమాట, దాన్ని సరిచేయకుండా ఎన్ని ట్యూబులు మార్చినా దండగే. ఒకసారి తెరిచిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది. ఏడాది క్రితం కొన్న కిట్టు సంచిలో ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఒక్కసారి నొక్కి చూసుకోండి.

కొత్త ట్యూబు కొనేటప్పుడు పెద్ద అక్షరాల సైజుని నమ్మకండి. టైరు మీద చిన్నగా 37-622 లాంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం. రెండోదే అసలు కొలత. 700సి, 29 అంగుళాలు రెండూ 622 మి.మీ.యే. పాత సైకిళ్ల 28×1½ మాత్రం 635. టైరు కూడా మార్చాల్సి వస్తే ఈ 13 మి.మీ. తేడా దగ్గరే డబ్బులు పోతాయి.

ట్యూబులో పోస్తే చిన్న రంధ్రాల్ని దానంతటదే మూసేసే సీలెంటు ద్రవం పల్లేరు దారుల్లో నిజంగానే పనిచేస్తుంది, 35 మి.మీ. టైరుకి 50–60 మి.లీ. చాలు. పోయాలంటే వాల్వు కోరు (లోపలి పిన్ను) విప్పడానికి వీలున్న ట్యూబు కావాలి. మన ఎండలకి కొన్ని నెలల్లో ఆరిపోతుంది, మళ్లీ పోయాలి. గాలి కొట్టేటప్పుడు వాల్వు కిందికి లేకుండా చూసుకోకపోతే వాల్వే మూసుకుపోతుంది.

గాలి తర్వాత లైటు. ఊళ్లో తొక్కడానికి 300–400 ల్యూమెన్ల వెలుగు చాలు. అంతకన్నా ముఖ్యం వెలుగు ఎనిమిది, పది మీటర్ల ముందు రోడ్డు మీద పడేలా వంచడం. ఎదుటివాళ్ల కళ్లలో పడేలా 1000 ల్యూమెన్లు కొట్టేవాళ్లని తిట్టుకోని సైక్లిస్టు ఉండడు. ఆన్‌లైన్‌లో లైట్లలో వాడే 18650 రకం బ్యాటరీ సెల్లుకి "9900 ఎంఏహెచ్" అని రాసి కనిపిస్తే పేజీ మూసేయండి. ఆ సైజు సెల్లులో మంచివే ఎక్కువగా 3500 దగ్గర ఆగుతాయి. లైటు డబ్బా మీద ఐపీఎక్స్4 అంటే నీటి తుంపర్లకి ఓర్చుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వానలో తొక్కేవాళ్లు ఛార్జింగ్ రంధ్రం మూత వదులైందేమో తరచూ చూసుకోండి, తడి ఆరకుండా ఛార్జింగ్ పెట్టకండి.

ఇంకో తిరకాసు. టైప్-సి ఉన్న చవక లైటు కొత్త ఛార్జరుకి రెండువైపులా టైప్-సి ఉన్న కేబులుతో పెడితే ఒక్కోసారి ఛార్జింగ్ ఎక్కదు. లైటు పాడైందని కాదు. ఎదుట ఏదో పరికరం ఉందని ఛార్జరుకి చెప్పే 5.1 కిలో ఓముల రెసిస్టర్లు పెట్టకుండా తయారీదారు డబ్బు మిగుల్చుకున్నాడు. పాత వెడల్పు యూఎస్‌బీ నుంచి టైప్-సికి వచ్చే కేబులుతో పెట్టండి, ఎక్కుతుంది.

తాళం సంగతి క్లుప్తంగా: సన్న కేబులు తాళాన్ని మామూలు కట్టరుతో చిటికెలో తెంపొచ్చు, అది టీ తాగి వచ్చేలోపు వరకే. రోజంతా వదిలేవాళ్లు యూ-లాకు తీసుకుని, చక్రంతో పాటు ఫ్రేముని కలిపి కదలని ఇనుముకి వేయండి. హెల్మెట్‌కి ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) ముద్ర చూడండి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగున్నా లోపలి థర్మకోల్ పని అయిపోయినట్టే.

సీటు కింది సంచిలో స్పేరు ట్యూబు, లీవర్లు, ప్యాచీలు, అడాప్టరు, అలెన్ కీలు సర్దేటప్పుడు ట్యూబుని పాత సాక్సులో చుట్టి పెట్టండి. లేకపోతే గతుకులకి అలెన్ కీలు దాన్ని రాసుకుని రాసుకుని, విప్పిన రోజున కొత్త ట్యూబుకే రంధ్రం ఉంటుంది. చైను ముట్టుకున్నాక చేతులు తుడుచుకోవడానికీ ఆ సాక్సే.