సెకండ్ మేట్ ఓరల్స్: మూరింగ్ ఫిట్టింగ్స్ నేను ఎలా చదివానంటే

ఓడను తాళ్లతో కట్టేందుకు డెక్ మీద ఉండే పరికరాలే మూరింగ్ ఫిట్టింగ్స్. సెకండ్ మేట్ (ఓడలో డెక్ ఆఫీసర్) మౌఖిక పరీక్షకు అవి అనగానే చాలామంది పేర్లు బట్టీ పడతారు. బొల్లార్డ్ (తాడు చుట్టే స్తంభం), ఫెయిర్‌లీడ్ (తాడుకు దారి చూపేది), పెడెస్టల్ రోలర్ (తాడును మలుపు తిప్పే చక్రం) అని గడగడా అప్పజెప్పేస్తారు. ఆ వెంటనే ఎగ్జామినర్ "ఎందుకు?" అంటే టెన్షన్ మొదలు. నేను పేర్లు పక్కనపెట్టి తాడు వెంట వెళ్లాను. తాడును లాగి చుట్టుకునే వించ్ డ్రమ్ దగ్గర మొదలుపెట్టి, తాడు ఎక్కడ వంగుతోంది, అక్కడ బలం ఎటు పడుతోంది అని కాగితం మీద బాణాలు గీసుకున్నాను.

అలా చూస్తే పనామా లీడ్ (ఓడ అంచున తాడు బయటికి వెళ్లే ఫెయిర్‌లీడ్) పైభాగం ఎందుకు మూసి ఉంటుందో దానంతటదే తెలిసిపోతుంది. పనామా కాలువ లాకుల్లో గట్టు మీద నడిచే ఇంజిన్లు తాడును పైకి లాగుతాయి; పైన తెరిచి ఉండే ఓపెన్ చాక్ అయితే తాడు జారి బయటికొచ్చేస్తుంది. బిట్స్ (జంట స్తంభాలు) మీద తాడును ఎనిమిది అంకెలా చుడితే రెండు స్తంభాలూ ఒకదానివైపు ఒకటి గుంజుకుంటాయి. తాడులో ఉన్న బలానికి రెట్టింపు దాకా వాటి మీద పడొచ్చు.

ఎక్కువ టైం ఎస్‌పీఎంకి (సింగిల్ పాయింట్ మూరింగ్, అంటే సముద్రంలోని ఒకే బోయ్‌కి ట్యాంకర్‌ను కట్టడం) ఇవ్వండి. మన విశాఖ తీరానికి ఎదురుగా హెచ్‌పీసీఎల్ బోయ్ ఉంది కదా, అక్కడికి ట్యాంకర్ వచ్చిందనుకోండి. బోయ్ హాసర్ (ఓడను కట్టే లావు తాడు) చివర 76 మి.మీ. చేఫ్ చెయిన్ (ఒరిపిడిని తట్టుకునే గొలుసు), దానికి పికప్ రోప్. ఆ రోప్‌ను బో (ఓడ ముందు భాగం) ఫెయిర్‌లీడ్‌లోంచి, చెయిన్ స్టాపర్‌లోంచి (గొలుసును పట్టి ఉంచేది) తెచ్చి వించ్ స్టోరేజ్ డ్రమ్‌కి చుడతారు. ఫెయిర్‌లీడ్ కనీసం 600 × 450 మి.మీ.; స్టాపర్ దానికి 2.7 నుంచి 3.7 మీటర్ల వెనకాల. చెయిన్ స్టాపర్‌లోకి రాగానే టంగ్ (గొలుసును ఆపే నాలుక) వేసి, పిన్ పెట్టి, రోప్‌ను మెల్లగా వదిలితే లోడ్ స్టాపర్ మీదికి వస్తుంది. "పికప్ రోప్‌తో ఓడను బోయ్ వైపు లాగొచ్చా?" అని నన్ను అడిగారు. లాగకూడదు. చెయిన్‌ను డెక్ మీదికి తేవడం వరకే దాని పని.

స్నాప్‌బ్యాక్ (తెగిన తాడు కొరడాలా వెనక్కి కొట్టడం) అడిగితే జర్గా ఓడ సంగతి చెప్పండి. 2015 మార్చి 2న బ్రిటన్‌లోని మిల్‌ఫోర్డ్ హేవెన్‌లో హెచ్‌ఎంపీఈ (చాలా బలమైన సింథటిక్ పీచు) తాడు తెగి, డెక్ ఆఫీసర్ తలకు తీవ్రంగా గాయమైంది. ఆ తాడు పెద్దగా సాగదు, నిజమే. కానీ దాని చివర కట్టిన టెయిల్ (పొట్టి తాడు ముక్క) సాగుతుంది, తెగిన ముక్కను వెనక్కి విసిరేది ఆ శక్తే. అందుకే తాడు కొట్టే చోటని డెక్ మీద పసుపు గీతలు గీసి, అవతలంతా సేఫ్ అనుకోవడం నాకు నచ్చదు.

సోలాస్ (సముద్రంలో ప్రాణ రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) మార్పులూ వదలొద్దు. 2024 జనవరి 1 నుంచి మూరింగ్ పరికరాలు, తాళ్ల తనిఖీ, మెయింటెనెన్స్ పాత ఓడలకూ తప్పనిసరి. ఇంకా షిప్ మీదే ఉన్నవాళ్లు ఫోర్‌క్యాజిల్‌కి (ఓడ ముందు డెక్) వెళ్లి ఒక్కో రోలర్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయిన దాని మీద తాడు ఒరుసుకుని గాడి పడి ఉంటుంది. ఫొటో తీసి దాచుకోండి, రివిజన్‌కి పనికొస్తుంది.